పొరకు అటూ ఇటూ

ఆవిడను వీధంతా చుట్టలక్క అంటారు. కొత్తగా విన్నవాళ్ళు ఆవిడెవరో గుప్పుగుప్పున పొగ వదిలే మనిషనుకుని, ఎదురుపడగానే పెదవుల వంక చూస్తారు. పాపం, ఆవిడ జన్మలో పొగాకు ముట్టలేదు. కాలిపోయిన ఫ్యాన్లలోంచి మాడిన రాగి తీగ పీకేసి, కొత్త తీగను చుట్టలు చుట్టలుగా చుట్టి పెట్టడం ఆవిడ పని. ఎండలు ముదిరాయంటే చాలు, కొట్టు ముందు ఫ్యాన్లు రెక్కలు ఊడదీసుకుని బారులు తీరి కూర్చుంటాయి. వాటి మధ్య పీట వేసుకుని, ఎడమచేత్తో తీగ వదులుతూ, కుడిచేత్తో చక్రం తిప్పుతూ, పెదవుల మీదే లెక్కపెట్టుకుంటూ ఉంటుంది. ఆ సమయంలో ఎవరు పలకరించినా పలకదు. లెక్క తప్పితే ఆ చుట్టంతా విప్పాల్సిందే మరి. "చుట్టలక్కకు చుట్టాలొచ్చి పిలిచినా వినపడదు" అని పక్క కొట్టు దర్జీ వేళాకోళమాడతాడు.

ఆ విద్య పుట్టింటి నుంచి తెచ్చుకున్నది కాదు. మామగారిది. ఆయన చేతులకు వణుకు మొదలయ్యాక కొట్టు కొడుక్కి అప్పగిద్దామనుకున్నాడు. కొడుకు మంచివాడే గానీ, నిదానానికి నిలువెత్తు రూపం. వంద చుట్లు చుట్టేలోపు రెండుసార్లు లెక్క మరిచిపోయి, మధ్యలో ఒకసారి కునుకు తీసేవాడు. చివరికి సామాన్ల వ్యాను తోలుకుంటానని బయటపడ్డాడు. ఆ వ్యానైనా అతను తోలుతుంటే పక్కనుంచి సైకిళ్ళు గంట కొట్టి మరీ దాటిపోతాయి. అప్పుడు మామగారు కొత్త కోడలి వైపు తిరిగి, "నువ్వు రామ్మా, ఇలా కూర్చో" అన్నాడు. అంతే. కూర్చున్నది కూర్చున్నట్టే ఉండిపోయింది.

మొదట్లో ఒకరోజు, ఫ్యాన్ లోంచి తీసిన చిన్న తెల్లటి డబ్బాను చేతిలో తిప్పుతూ అడిగింది. "మామయ్యా, ఈ కండెన్సర్ లోపల ఏముంటుంది?"

"ఏముందో చూద్దాం పద" అన్నాడాయన. ముందు దాని రెండు తీగలనూ స్క్రూడ్రైవర్‌తో కలిపాడు. చిటుక్కున నిప్పురవ్వ ఎగిరింది. కోడలు ఉలిక్కిపడింది. "ప్లగ్గు పీకేసినా దీని పొట్టలో కాస్త దాచుకునే ఉంటుంది. ముందు కక్కించాలి" అని నవ్వి, డబ్బా పగలగొట్టి, లోపలి చుట్టను ఆమె చేతికిచ్చి, కొస తాను పట్టుకుని వీధిలోకి నడిచాడు. వెండి రంగు రిబ్బను ఒకటి విప్పుకుంటూ పోయింది. దర్జీ కొట్టు దాటింది, తాళాల కొట్టు దాటింది, ఇంకో రెండు కొట్లు దాటింది. అగ్గిపెట్టెకు అటూ ఇటూగా ఉండే డబ్బాలో ఇంత వీధి ఎలా పట్టిందో ఆమెకు బోధపడలేదు.

పెద్దాయన అక్కడినుంచే అరిచాడు. "రెండు రేకులు, మధ్యలో పల్చటి పొర. అంతే దీని కథ. ఒక రేకు మీద ప్లస్సులు చేరతాయి, రెండో దాని మీద మైనస్సులు. ఒకళ్ళనొకళ్ళు లాక్కుంటూ ఉంటారు, పొర మాత్రం దాటనివ్వదు. పొర ఎంత పల్చనైతే అంత దగ్గర. ఎంత దగ్గరైతే అంతమంది పడతారు."

"పొర మందం చేస్తే మామయ్యా?"

"దూరమయ్యాక ఏముంటుందమ్మా, పట్టు సడలుతుంది. కొద్దిమందే మిగులుతారు."

వీధిలో పోయేవాళ్ళు వీళ్ళనూ ఆ రిబ్బన్నూ వింతగా చూస్తూ కింద నుంచి వంగి వెళ్ళారు. పక్క కొట్టు దర్జీ కొలత టేపు తీసుకుని బయటికొచ్చి, "ఎన్ని గజాలు కావాలండీ?" అని అడిగాడు.

ఏళ్ళు గడిచాయి. చుట్టలక్క చేతిలో పడ్డ మోటారు మళ్ళీ కాలి రాదని పేరు పడింది. వేళ్ళ మధ్య తీగ జారుతుంటే దాని మీది ఎనామెల్ పూత ఎక్కడ గీసుకుపోయిందో కళ్ళు మూసుకునే చెప్పగలిగేది.

అలాంటి మనిషికి ఒక వానాకాలంలో ఇంటిల్లిపాదితోపాటు కడుపు చెడింది. అందరూ కోలుకున్నారు, తనూ కోలుకుంది. కొన్నాళ్ళకు అరికాళ్ళలో చీమలు పాకినట్టు అనిపించసాగింది. పీట మీద కూర్చుని కూర్చుని తిమ్మిరెక్కిందనుకుంది. ఒక ఉదయం వార్నిష్ డబ్బా కొనుక్కుని తిరిగివస్తుంటే దర్జీ పిలిచాడు.

"అక్కా, రెండో చెప్పు ఎక్కడ?"

కిందికి చూసుకుంది. ఎడమ కాలికి చెప్పు లేదు. ఎక్కడ జారిపోయిందో తెలియదు. గులకరాళ్ళ మీద అంత దూరం ఉత్త కాలితో నడిచి వచ్చింది, ఆ సంగతి కాలు తనకు చెప్పనే లేదు. ముందు నవ్వొచ్చింది. నవ్వు సగంలో ఉండగానే గుండె ఝల్లుమంది.

ఆ తర్వాత అంతా ఒకదాని వెంట ఒకటి జరిగిపోయింది. మెట్లెక్కుతుంటే మోకాళ్ళు మడతపడ్డాయి. చక్రం తిప్పుతుంటే తీగ పుటుక్కున తెగింది. మళ్ళీ వేసింది, మళ్ళీ తెగింది. ఎంత గట్టిగా పట్టుకుంటోందో వేళ్ళకు తెలియడం లేదు. వ్యాను తోలే మనిషి ఆరోజు మాత్రం ఎవరూ చూడనంత వేగంగా తోలి ఆసుపత్రికి చేర్చాడు.

అప్పటికే నడుం కింద ఏదీ తన మాట వినడం లేదు. వార్డుకు వచ్చిన డాక్టరు మోకాలి మీద చిన్న సుత్తితో కొట్టి చూశాడు. కాలు కదల్లేదు. "ఒంట్లోకి వచ్చిన క్రిమిని తరమడానికి బయలుదేరిన సైన్యం, శత్రువనుకుని మీ నరాల మీదికే పోయిందమ్మా" అన్నాడు. "ఆ సైన్యాన్ని చల్లబరిచే మందు ఎక్కిస్తాం. ఈలోగా నరాల పరీక్ష చేయించుకోండి."

నరాల పరీక్ష చేసే అమ్మాయిని రోగులంతా షాకమ్మ అని పిలుచుకుంటారు. చిన్న గది, ఒక మంచం, ఒక తెర, తీగల చిక్కు. చుట్టలక్క చేతిని ఒళ్ళో పెట్టుకుని, బొటనవేలి కింద రెండు బిళ్ళలు అంటించి, "చిన్న దెబ్బ తగులుతుంది అక్కా, భయపడకండి" అంది.

"షాకులు నాకు కొత్త కాదులే అమ్మాయ్" అంది చుట్టలక్క.

మణికట్టు దగ్గర చిటుక్కుమంది. తనకు తెలియకుండానే బొటనవేలు ఎగిరింది. తెర మీద ఒక చిన్న కొండ లేచింది. తర్వాత మోచేతి దగ్గర. ఈసారి కొండ ఆలస్యంగా, చితికినట్టు లేచింది. షాకమ్మ రెండు చోట్ల మధ్య దూరం టేపుతో కొలిచి, మీట నొక్కింది.

"ఎంత?"

"సెకనుకు ఇరవై రెండు మీటర్లు."

"ఎంత ఉండాలి?"

"యాభై దాటాలి అక్కా. నరం మీది తొడుగు దెబ్బతింది."

మంచం దగ్గరికి తీసుకొచ్చాక చుట్టలక్క గోడకేసి ముఖం తిప్పుకుంది. తొడుగు పోయిన తీగ ఏమవుతుందో ఆవిడకు ఒకరు చెప్పాలా? ఎనామెల్ పోతే తీగ తీగకు తగులుకుంటుంది, మసిబారుతుంది. అలాంటి వైండింగును బాగుచెయ్యడం ఉండదు. ఉలి పెట్టి నరికి బయట పారేయడమే. తన చేత్తో ఎన్నింటిని అలా పారేసిందో!

"ఏమండీ" అంది మొగుడితో. "నా తీగ కాలిపోయింది. ఇంక నన్ను ఎవరూ చుట్టలేరు."

అతను లేచి గబగబా వెళ్ళి షాకమ్మను బతిమాలాడు. పని ముగించుకున్న షాకమ్మ ఇంటికి పోబోతున్నదల్లా, చేతిసంచీతోనే వార్డుకు వచ్చి మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది.

"కాలిపోయిందని ఎవరన్నారు అక్కా? మీరేం పని చేస్తారు?"

"ఫ్యాన్లు చుడతాను."

"అమ్మయ్య! అయితే నా పని తేలిక. కెపాసిటర్ అంటే తెలుసుగా?"

"తెలీదు."

"కండెన్సరేనే!" అన్నాడు మొగుడు.

"అలా చెప్పండి మరి. దాంతోనే పొద్దుగూకుతుంది నాకు."

షాకమ్మ కుర్చీలాటలో గెలిచిన పిల్లలా మొహం వెలిగించుకుని ముందుకు వంగింది. "అక్కా, మీ ఒంట్లో ప్రతి కణమూ ఒక కండెన్సరే."

చుట్టలక్క ఇదేదో ఊరడించడానికి చెప్పే మాటనుకుంది. "రేకులేవీ?"

"ఉప్పునీళ్ళే రేకులు. మీ కన్నీళ్ళు ఉప్పగా ఉండవూ? రక్తమూ అంతే. కణం బయట ఉప్పునీళ్ళు, లోపలా ఉప్పునీళ్ళు. ఉప్పు నీళ్ళలో కరిగితే ప్లస్సులూ మైనస్సులూ విడిపోయి తిరుగుతుంటాయి, కరెంటు దాంట్లో హాయిగా పారుతుంది. రెండింటి మధ్య కొవ్వుతో చేసిన పల్చటి పొర. ప్లస్సులూ మైనస్సులూ దాన్ని సులువుగా దాటలేవు. లోపలి గోడకు మైనస్సులు అంటుకుని ఉంటాయి, బయటి గోడకు ప్లస్సులు."

"ఒకళ్ళనొకళ్ళు లాక్కుంటూ" అంది చుట్టలక్క, తనకు తెలియకుండానే.

"అదీ! మీ ఫ్యాన్‌లో ఎంతది వేస్తారు?"

"రెండున్నర మైక్రోఫారడ్."

"కణాల పొరను కత్తిరించి పరిస్తే రెండున్నర మైక్రోఫారడ్‌కు ఎంత ముక్క కావాలో తెలుసా?" షాకమ్మ తన కోటుకున్న బొత్తాం చూపించింది. "ఇంత."

చుట్టలక్క ఆ బొత్తాం వంక చూసింది. ఆ తర్వాత కళ్ళ ముందు వీధి కదిలింది. దర్జీ కొట్టు, తాళాల కొట్టు, ఇంకా అవతల వరకూ సాగిన వెండి రిబ్బను. "అంత వీధి పట్టేది... ఈ బొత్తాంలోనా?"

"పొర అంత పల్చన అక్కా. ఒక వెంట్రుక మందాన్ని పదివేల వంతులు చేస్తే అందులో ఒక వంతు. అయితే మీ ఫ్యాన్‌దానికున్న బలం దీనికి లేదు. అది నాలుగు వందల వోల్టులు ఓర్చుకుంటుంది. దీనికి ఒక్క వోల్టు పెట్టినా చిల్లులు పడతాయి."

"మరి ఉన్నది ఎంత?"

"వోల్టులో నూరో వంతులు ఏడు."

చుట్టలక్క ముఖం వాడిపోయింది. "ఓస్, ఇంతేనా! గోడ గడియారం బ్యాటరీలో ఇరవయ్యో వంతు కూడా లేదు."

"లేదు. కానీ ఆ కాస్తా నిలబడింది ఎంత సందులో? ఆ లెక్కనే పెంచుకుంటూ పోయి పొరను ఒక మీటరు మందం చేశామనుకోండి. అటూ ఇటూ కోటి వోల్టులు ఉండాలి. గాలి అయితే మీటరుకు ముప్పై లక్షల దగ్గరే చేతులెత్తేస్తుంది. మెరుపు మెరిసేది అప్పుడే. మెరుపు పుట్టించే లాగుడుకు మూడింతల లాగుడును ఆ కొవ్వు పొర నోరెత్తకుండా మోస్తోంది. ప్రతి కణంలోనూ. మీరు అన్నం తింటున్నా, అలిగి పడుకున్నా."

"కణాలు ఎన్ని?"

"ముప్పై లక్షల కోట్ల పైమాటే అంటారు."

ముక్కున వేలేసుకుందామంటే చెయ్యి లేవలేదు చుట్టలక్కకు. కళ్ళు మాత్రం దుప్పటి కింద పడి ఉన్న తన కాళ్ళ మీదికి వెళ్ళాయి. మొద్దుల్లా ఉన్నాయనుకుంది ఇంతసేపూ. ఆ మొద్దుల్లో, ఈ క్షణాన, వెంట్రుకలో పదివేలో వంతు సందుల్లో, మెరుపును మించిన బిగువు నిలబడి ఉంది. ఒక్క చోటా చిటుక్కుమనడం లేదు. ఒళ్ళంతా జలదరించినట్టయింది, జలదరింపు తెలిసే చోట్ల.

మొగుడు తన అరచేతిని ముఖం దగ్గర పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసుకుంటున్నాడు.

"మరి నాకొచ్చింది ఏమిటి?" అంది చుట్టలక్క.

"చెప్తాను. నరం వెంట కబురు పోవాలంటే, పొరకు అటూ ఇటూ ఉన్న ప్లస్సులూ మైనస్సులూ ఒకచోట తారుమారవ్వాలి. ఆ తర్వాత దాని పక్క చోట, ఆ తర్వాత దాని పక్కది. అలా పాకుతూ పోతుంది."

"ప్రతి చోటా కండెన్సర్ నిండాలిగా. నిండటానికి టైం పట్టదూ?"

"పడుతుంది. పెద్ద కండెన్సర్ అయితే?"

"ఇంకా పడుతుంది."

"ఆ లెక్కన కాలి వేలి కబురు తలకు చేరేసరికి మీ కాలు మంటల్లో కాలిపోయి ఉంటుంది. అందుకని నరం మీద కండెన్సర్‌ను చిన్నది చెయ్యాలి. ఎలా చేస్తారు?"

"పొర మందం చెయ్యాలి." ఈ జవాబుకు చుట్టలక్క ఆలోచించనే లేదు.

"అలా చెయ్యడానికే కొన్ని కణాలు పుట్టాయి. నరం పక్కన కూర్చుని, తమ పొరనే చాపలా సాగదీసి, నరం చుట్టూ చుట్టుకుంటూ పోతాయి. యాభై చుట్లు, వంద చుట్లు. చుట్టు మీద చుట్టు, మధ్యలో సందు లేకుండా. ఒక్కో కణం నరం మీద ఒక మిల్లీమీటరు మేర చుడుతుంది. కాస్త ఖాళీ వదిలి, ఆ పక్కది ఇంకొకటి చుడుతుంది. వెన్ను నుంచి కాలి బొటనవేలి దాకా అలా వరసగా కూర్చుని చుట్టారు. కబురు ఆ ఖాళీల దగ్గర మాత్రమే ఆగుతూ, మధ్యదంతా ఒక్క గెంతులో దాటేస్తుంది."

"చుట్టేవాళ్ళా?" అంది చుట్టలక్క. "నాలో చుట్టేవాళ్ళు ఉన్నారా?"

"మీరు పుట్టకముందే పని మొదలుపెట్టారు."

"వంద చుట్లంటే... వంద కండెన్సర్లు వరసలో కలిపినట్టు. రెండు కలిపితే సగం. వంద కలిపితే నూరో వంతు." వేళ్ళు కదల్లేదు గానీ పెదవులు కదిలాయి, కొట్లో కదిలినట్టే. "అబ్బ! ఎంత పనివాళ్ళు!"

"మీ సైన్యం చీల్చింది ఆ చుట్లనే అక్కా. పొర పల్చబడింది, కండెన్సర్ పెద్దదైంది. కొన్ని చోట్ల కారిపోతోంది కూడా. అందుకే కబురు ఆలస్యమవుతోంది, కొన్ని దార్లలో మధ్యలోనే చచ్చిపోతోంది. లోపలి తీగకు పెద్దగా ఏమీ కాలేదని నా పరీక్ష చెబుతోంది."

"మళ్ళీ ఎవరు చుడతారు?"

"వాళ్ళే. కొత్తవాళ్ళు పుట్టుకొస్తారు, మళ్ళీ కూర్చుని చుడతారు. మునుపటంత మందం రాదు. ఎన్నాళ్ళకు అని మాత్రం నన్నడగకండి. అందరికీ ఒక్కలా జరగదు, నేను మాటివ్వలేను."

షాకమ్మ వెళ్ళిపోయాక కూడా చుట్టలక్క పైకప్పు కేసి చూస్తూ ఉండిపోయింది. అక్కడ తిరుగుతున్న ఫ్యాన్‌ను ఆవిడ చూడనే లేదని మొగుడు తర్వాత అందరితో చెప్పాడు. పెళ్ళయినప్పటి నుంచీ ఏ ఇంటికి వెళ్ళినా ముందు ఫ్యాన్ చప్పుడు విని వంక పెట్టే మనిషి ఆవిడ.

కానీ సైన్యం ఇంకా చల్లబడలేదు. నరాల వెంట పైకి పాకి ఛాతీని పట్టుకుంది. డాక్టరు రోజూ వచ్చి, ఒక్క ఊపిరిలో ఎంతవరకు లెక్కపెట్టగలదో చూసేవాడు. లెక్కపెట్టడం ఆవిడకు కొట్టినపిండి, అయినా ప్రతిసారీ కిందటిసారి కంటే ముందే ఊపిరి అయిపోయేది. అద్దాల గదిలోకి మార్చారు. ఇంకొంచెం తగ్గితే గొంతులోకి గొట్టం వేసి మర చేత ఊపిరి పోయిస్తామని చెప్పారు.

మామగారు లోపలికి వచ్చాడు. వణికే చేతిని కోడలి చేతి మీద వేశాడు. ఆయన చెయ్యి వేసిన సంగతి ఆవిడ చూసి తెలుసుకుంది.

"మామయ్యా" అంది, మాటకూ మాటకూ మధ్య ఊపిరి కూడదీసుకుంటూ. "నాలో... చుట్టేవాళ్ళు ఉన్నారంట. నరాల మీద. వంద చుట్లు చుడతారంట."

కోడలికి మతి చలించిందని ఆయన అనుకున్నాడో ఏమో, ముఖం మాత్రం మారలేదు. "అలాగా! గట్టిగా చుట్టమని చెప్పమ్మా. వదులు చుట్లు చుడితే నేను ఒప్పుకోనని చెప్పు."

ఆవిడ నవ్వింది. ముఖంలో ఒక పక్కే నవ్వు వచ్చింది. ఆయన బయటికి వెళ్ళి అద్దం అవతల నిలబడి, కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకోవడం ఆవిడకు కనపడింది.

ఆ గదిలో ఆవిడకు భయం వెయ్యలేదని కాదు. ఊపిరి అందనప్పుడు ప్రాణం విలవిల్లాడింది. కానీ భయం కాస్త పక్కకు జరిగినప్పుడల్లా ఆ మాటే గుర్తొచ్చేది. పొరకు ఇటు మైనస్సులు, అటు ప్లస్సులు. గుండె కొట్టుకుందంటే ఆ పొరే. రెప్ప వాలిందంటే ఆ పొరే. పక్క మంచం మీది ముసలమ్మ, ఆవిడకు మందు పోస్తున్న నర్సు, కిటికీ చువ్వ మీద వాలిన పిట్ట, అందరూ కోటి వోల్టుల బిగువును ఒంటి నిండా మోసుకుని, ఆ సంగతే తెలియకుండా ఎవరి పని వాళ్ళు చూసుకుంటున్నారు. తనకు ఇన్నేళ్ళుగా తెలిసిన లోకం కాదిది అనిపించింది. తెలిసిన లోకమే, మూత తీసి చూపించారు, అంతే.

ఒక ఉదయం డాక్టరు లెక్కపెట్టమన్నాడు. లెక్క ముందురోజు ఆగిన చోటే ఆగింది, అంతకంటే తగ్గలేదు. మర్నాడు కాస్త దాటింది. గొట్టం అవసరం రాలేదు. మందు పనిచేసిందో, సైన్యం తనంతట తనే అలిసిపోయిందో, డాక్టరు ఏదీ గట్టిగా చెప్పలేదు. "దిగుడు ఆగింది. ఇక ఎక్కుడే" అన్నాడు.

ఎక్కుడు సులువుగా లేదు. కూర్చోబెడితే పక్కకు వాలిపోయేది. చెంచా పట్టించడానికి, కాలు మడిపించడానికి రోజూ వచ్చే అమ్మాయిని ఒకసారి విసుగులో నానా మాటలూ అని, ఆనక ఏడ్చి, మర్నాడు ఆ అమ్మాయి వచ్చేసరికి అడక్కుండానే కాలు ఎత్తడానికి కష్టపడుతూ కనిపించింది. ఇంటికి పంపేముందు మళ్ళీ నరాల పరీక్ష రాశారు. చక్రాల కుర్చీలో చుట్టలక్క, వెనక మొగుడు, పక్కన కర్ర పట్టుకుని మామగారు. షాకమ్మ గది నిండిపోయింది.

చిటుక్కుమంది. కొండ లేచింది. "ముప్పై ఒకటి" అంది షాకమ్మ. "చుడుతున్నారు అక్కా. కనిపిస్తోంది."

మామగారు తెర దగ్గరికంటా వంగాడు. "ఏదమ్మా, నాకూ ఒకసారి చూపించు. మంచి నరం అయితే ఎలా ఉంటుంది?"

"మంచి నరం కావాలంటే ఆరోగ్యంగా ఉన్న చెయ్యి కావాలి తాతగారూ."

ముగ్గురూ వ్యాను మనిషి వైపు చూశారు. అతను చేతులు వెనక్కి దాచుకున్నాడు. "నాకెందుకు? నాకు బాగానే ఉంది."

"బాగున్నందుకే" అంది చుట్టలక్క. "కూర్చోండి."

బిళ్ళలు అంటించారు. చిటుక్కుమనగానే అతను కుర్చీలోంచి ఒక జానెడు లేచి, "చచ్చాన్రా దేవుడా!" అన్నాడు. తెర మీద కొండ నిటారుగా, కోసుగా లేచింది. మోచేతి దగ్గర కొడితే రెండో కొండ కూడా అచ్చు అలాగే. షాకమ్మ లెక్క చూసింది. "యాభై ఎనిమిది. గంటకు రెండు వందల కిలోమీటర్ల పైనే."

"వీడా?" అన్నాడు మామగారు.

చుట్టలక్క మొగుడి ముఖంలోకి చూసింది. ఈ మనిషితో ఇన్నేళ్ళు కాపురం చేసింది. గిన్నె అందివ్వమంటే అర్ధగంట. గుండీ పెట్టుకోవడానికి ఇంకో అర్ధగంట. ఆ మనిషి చేతిలో, కళ్ళు మూసి తెరిచేలోపు, వంద చుట్ల కింద మెరుపు గెంతుకుంటూ పోతోంది. అతనికి ఆ సంగతి తెలియదు, ఎవరూ నేర్పలేదు, అయినా పోతోంది. నవ్వాలో దణ్ణం పెట్టాలో తెలియక అతని చేతి మీదే చూపు నిలిపింది. అతను దెబ్బ తగిలిన చోట రుద్దుకుంటూ, "అయిపోయిందా? ఇంకా ఉందా?" అంటున్నాడు.

ఇంటికి వచ్చాక నెలలు పట్టింది. గోడ పట్టుకుని నడక, తర్వాత కర్ర, తర్వాత ఉత్త చేతులు. కొట్లోకి వచ్చి పీట మీద కూర్చున్న మొదటి రోజు దర్జీ, తాళాలతను వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. తీగ పట్టుకుంది. వేళ్ళకు తీగ ఉన్నట్టు తెలుస్తోంది గానీ, గీతలూ గరుకులూ తెలియడం లేదు. మోటార్ల లావు తీగ పరవాలేదు. ఫ్యాన్ల సన్న తీగ మాత్రం తెగిపోతూనే ఉంది. అప్పుడు మామగారు స్టూలు జరుపుకుని పక్కన కూర్చున్నాడు. ఆయన చేతులు వణుకుతాయి గానీ వేళ్ళకు స్పర్శ ఎక్కడికీ పోలేదు. తీగ ఆయన వేళ్ళ మధ్య నుంచి జారి ఆవిడ చక్రం మీదికి వచ్చేది. "ఆపు, ఇక్కడ గీసుకుంది" అనేవాడు. ఆవిడ ఆపేది. ఇద్దరూ కలిసి రోజుకు ఒక ఫ్యాన్ చుట్టేవాళ్ళు. అదివరకు ఆవిడ ఒక్కతే నాలుగు చుట్టేది.

ఆ రోజుల్లోనే ఆవిడకు ఒక అలవాటు మొదలైంది. కొట్టుకు వచ్చినవాళ్ళు ఫ్యాన్ కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే, ఈ కబురు చెప్పేది. కొందరు వినేవారు, కొందరు గడియారం చూసుకునేవారు. ఒకాయన అంతా విని, "అయితే నా ఫ్యాన్ ఎప్పుడిస్తారు?" అన్నాడు. ఆవిడ కోప్పడలేదు. అడుగుతున్న ఆయన నాలుక ఎంత చప్పున కదిలిందో అని చూసింది.

పాదాలు మాత్రం చాలాకాలం మొద్దుగానే ఉన్నాయి. నేల చూసుకుంటూ నడిచేది. ఇక అంతే కాబోలని సరిపెట్టుకుంది కూడా.

ఒక పొద్దున గుమ్మం ముందు కడుగుతూ, చెంబుతో నీళ్ళు చల్లుతోంది. చేయి తడబడి కాసిని నీళ్ళు ఎడమ కాలి మీద పడ్డాయి. ఆవిడ ఆగిపోయింది. మడమ పక్కన, ఎక్కడో లోపల, దూరం నుంచి ఎవరో పిలిచినట్టు ఏదో తెలిసింది. భ్రమేమోనని కళ్ళు మూసుకుని ఇంకో చెంబు పోసుకుంది. ఈసారి వేళ్ళ దాకా తెలిసింది. చలి. సన్నటి, పదునైన చలి. కాలి కొస నుంచి మోకాలు దాటి, నడుం దాటి, వెన్ను వెంట పైకి, ఒక్కో ఖాళీ దగ్గరా ఆగి గెంతుతూ, ఎన్ని వందల మంది చుట్టిన చుట్ల కింద నుంచో నడిచి వచ్చి, ఆ చలి తన తలకు చేరింది. ఆవిడ అక్కడే నిలబడిపోయింది. కళ్ళ వెంట నీళ్ళు కారి పెదవుల మీదికి వచ్చాయి, ఉప్పగా.

మొగుడు పళ్ళు తోముకుంటూ గుమ్మంలోకి వచ్చాడు. "ఏమైంది? ఏడుస్తున్నావా?"

"నీళ్ళు చల్లగా ఉన్నాయండీ."

"నీళ్ళు చల్లగా ఉండక వేడిగా ఉంటాయా?" అన్నాడతను. అని, ఆవిడ ఏమన్నదో అర్థమై, నోట్లో బ్రష్షు అలాగే ఉండగా మెట్టు మీద కూలబడ్డాడు.

చుట్టలక్క చెంబు మళ్ళీ నింపుకుని, ఈసారి కుడి కాలి మీద నెమ్మదిగా వంచింది.